ఎనిమిది గంటల డప్పు

తప్పు నాదే, ఈ పేచ్చీదే అని మా ఊరంతా అంటా ఉండాది. అననీ. కొడుకు చేతికి కాప్పు కట్టింది నేనే, కాదన్నానా? పది నెలలు దేశాలు తిరిగి, బొమికల గూడు మాదిరి అయిపోయి, భుజాన రాకెట్ల సంచీతో బిడ్డ ఆదివారం మాపటేల బస్సు దిగినాడు. అదే గడియలో కాళియమ్మ గుడి ముందర డప్పు మోగతా ఉండాది. పూజారి మునియప్పన్ పళ్ళెం నిండా పసుపుకొమ్ము కట్టిన దారాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏ తల్లి ఊరకుంటుంది? నా చేతికి ఒకటి కట్టించుకున్నా, ఇంకొకటి లాక్కుని వాని కుడిచేతికి నేనే ముడేసినా. ఏందిమా ఇది అని వాడు అడిగేలోపల మూడు ముళ్ళూ పడిపోయినాయి.

కాప్పు అంటే తెలియనోళ్ళకు చెప్తా. అది కట్టుకున్నోళ్ళు పండుగ ముగిసేదాకా, అంటే తొమ్మిది దినాలు, మాంసం ముట్టకూడదు. దినమూ మాపు ఎనిమిదికి డప్పు కొట్టుకుంటా ఊరి ఎల్ల చుట్టి వస్తారు. అప్పటికి ఎల్ల లోపల ఉండాల. డప్పు చుట్టేసినాక తెల్లారేదాకా లోపలోళ్ళు బయటికి లేదు, బయటోళ్ళు లోపలికి లేదు. మధ్యలో ముడి విప్పేది అనే మాటే లేదు.

ఈ సంగతిని తేలిగ్గా తీసుకునే ఇల్లు కాదు మాది. నా మొగుడు గోపాలకృష్ణన్ లారీ తోలేవాడు. నా కొడుక్కి ఆరేండ్లప్పుడు, చేతికి కాప్పుతోనే తిరుత్తంగల్‌కు లోడుకు పోయి, ఎనిమిది దాటినా తిరిగి రాలేదు. సాత్తూరు దాటినాక లారీ బోల్తా పడింది. ఇరవైనాలుగేండ్లు అయింది. ఈ పొద్దుటికీ ఆయన పటానికి పూలు పెట్టేటప్పుడు ఒక తిట్టు కూడా పెడతా. మాట విని ఉంటే బతికి ఉండేవాడు.

నా కొడుకు ఇసక్కిరాజా. మా కోవిల్పట్టి పక్కన ఏ ఊర్లో పిల్లోని చేతికి కర్ర ఇచ్చినా అది హాకీ కర్రే. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు వీడొక్కడు మిల్లు ఆఫీసర్ల క్లబ్బులో బంతులు ఏరబోయి టెన్నిస్ పట్టుకున్నాడు. టీవీలో చూపిస్తారే, అది పై మెట్టు. దాని కింద మెట్టు ఒకటి ఉండాది, చాలెంజర్ అంటారు. వీడు ఆడేది దాంట్లో. ఆట అదే ఆట, బంతి అదే బంతి. చూసేదానికి మాత్రం ఆటగాళ్ళ అమ్మానాన్నలు, గేటు కాడ వాచ్‌మెన్, ఒక కుక్క వస్తాయి.

ఈ ఏడు బెంగళూరులో మొదలుపెట్టినాడు. అక్కడినుంచి పూణే, ఆమీద కజకస్తాన్‌లో చలి, ఇటలీలో ఎర్రమట్టి. నేను తీపెట్టి ఆపీసులో, అదే అగ్గిపెట్టెలు చేసే చోట, లేబుల్ అంటిస్తా ఉంటా, బంక గిన్నె పక్కన ఫోను ఆనించి పెట్టుకుంటా. మనిషి కనబడడు, అంకెలే. వీడు సర్వీసు చేస్తే వీని పేరు పక్కన పచ్చచుక్క. ఆ చుక్కనే నా బిడ్డ అనుకుని పది నెలలు చూసినా. ఇటలీలో విమానమోళ్ళు వాని రాకెట్లన్నీ పోగొట్టినారు. నేను కట్టిచ్చిన కడలమిట్టాయి, అదే వేరుశనగ చెక్కల మూట మాత్రం చెక్కు చెదరకుండా వచ్చింది. ఒక సెర్బియా పిల్లోడు ఆ మిట్టాయి తిని, మంచోడు, తన రాకెట్లు రెండు ఇచ్చినాడు. వాటితో ఆడి వీడు ఆ పిల్లోని చేతిలోనే ఓడినాడు.

ఆట రాక కాదు. నిదానం. నిదానమే ప్రధానం అని ఎవరు నేర్పినారో, వీడు అదే పట్టుకుని కూర్చున్నాడు. వచ్చిన బంతిని వెనక నిలబడి తిరిగి పంపిస్తాడు, అవతలోడు తప్పు చేసేదాకా కాచుకుంటాడు. నేను ఒక గ్రోసు పెట్టెలకు లేబుల్ అంటించేసి, టీ తాగి వచ్చి చూసినా ఇంకా మొదటి సెట్టే. మూడు గంటలు ఆడతాడు, మూడో సెట్టులో కాళ్ళు పట్టేసుకుంటాయి, ఓడతాడు. ఏడాదంతా ఇదే కత.

వానికి ముప్పై ఏండ్లు. ర్యాంకు రెండువందల నలభైయేడు. రెండువందల ముప్పై లోపలికి వస్తే జనవరిలో ఆస్ట్రేలియా పెద్ద ఆటకు అర్హత పోటీలో నిలబడొచ్చు. గెలవకపోయినా సరేమా, ఒక్కసారి ఆ వాకిలి కాడ నిలబడి చూడాల అంటాడు. ఈ ఏడు కాకుంటే ఆట ఆపేసి మధురైలో పిల్లకాయలకు నేర్పే పనికి పోతానని మాట ఇచ్చేసినాడు. మిగిలింది ఒక్క పోటీ. అది ఎక్కడ? నమ్మరు, విరుదునగర్‌లో. ఒక పప్పుమిల్లాయన వాళ్ళ నాయన పేరుతో ఐదు కోర్టులు వేసి, పై ఊరోళ్ళు ఎవరో వద్దన్న పోటీని పట్టుకొచ్చినాడు. యూరోపు నుంచి ఆరడుగుల పిల్లకాయలు దిగి, నూనె పరోటా తిని, చేతులు దేంతో తుడుచుకోవాలో తెలీక నిలబడినారు. కప్పు గెలిస్తే వీని ర్యాంకు లోపలికి వస్తుంది. ఫైనల్లో ఓడితే రాదు.

ఇంత సంగతీ వాడు నాకు చెప్పింది నేను కాప్పు కట్టేసినాక. వారమంతా విరుదునగర్ హోటల్లో పడుకోవాల, మ్యాచ్చిలు మాపటేల పెట్టినా పెడతారు అన్నాడు. ఎనిమిదికి ఎల్ల లోపల ఉండాల అన్నా. కత్తెర తీసుకోమా అన్నాడు. నేను గోడమీది పటం పక్క చూసినా. వాడు కత్తెర మాట మళ్ళీ ఎత్తలేదు. నేను మునియప్పన్ కాడికి పోయి ఏమన్నా దారి ఉండాదా అని అడిగితే, అమ్మవారికి ర్యాంకింగ్ తెలీదు తల్లీ అని పంపించేసినాడు.

మా ఆపీసు వ్యాను తోలే అంతోణి దినమూ తీసుకుపోయి తీసుకొచ్చేదానికి ఒప్పుకున్నాడు. వాళ్ళు వేదక్కారులు, ఏసుసామిని మొక్కేవాళ్ళు, కాప్పుతో వానికి పని లేదు, కానీ టైముతో ఉండాది. ఊరినుంచి విరుదునగర్‌కు గంటా పది నిమిషాలు. ఆరూ యాభైకి బండి కదలాల, ఒక్క నిమిషం దాటినా నాది పూచీ కాదు అన్నాడు. నేను ఆపీసుకు లీవు పెట్టి ఎక్కి కూర్చున్నా.

మొదటి మ్యాచ్చి మంగళవారం, నాలుగున్నరకు. కోర్టులో గడియారం లేదు. నేను మెట్లమీద ఫోను పట్టుకుని కూర్చుని, బండి కదిలేదానికి ఇంకెన్ని పది నిమిషాలు ఉంటే అన్ని వేళ్ళు చూపించాల, అట్లా మాట్లాడుకున్నాం. పక్క మారేటప్పుడంతా వాడు నా చెయ్యి చూస్తాడు. ఒక వేలు ముడిస్తే వాని ముఖం మారిపోతుంది. అప్పుడు జరిగింది చూడండి. వెనక నిలబడేవాడు ముందుకు ఉరికినాడు. సర్వీసు చేసినాడా, నెట్టు కాడ ఉన్నాడు. బంతి వచ్చిందా, కొట్టేసినాడు. బస్సు తప్పిపోతుందని పరిగెత్తేవాని మాదిరి ఆడినాడు. యాభైయైదు నిమిషాల్లో ముగిసింది. అవతలి పిల్లోడు చెయ్యి కలిపేటప్పుడు, ఎక్కడన్నా మంటలు లేచినాయా అన్నట్టు చుట్టూ చూసినాడు. మేం ఏడు కొట్టేసరికి ఊర్లో ఉన్నాం.

గురువారం అట్లే. శుక్రవారం అట్లే. పదేండ్లుగా కోచ్‌లు చెప్పి చెప్పి ముందుకు జరపలేని కాళ్ళను ఒక పసుపు దారం జరిపింది. శనివారం సెమీఫైనల్ గెలిచేసరికి యూరోపు పిల్లకాయలు ఇద్దరు అంగడికి పోయి పసుపుకొమ్ములు కొని చేతికి కట్టుకుని వచ్చినారు. అది కట్టుకుంటే కోడికూర లేదు నాయనా అని సైగ చేసి చూపించినా. అక్కడే విప్పేసినారు.

ఫైనలు ఆదివారం మూడింటికి. రెండున్నరకు వాన. అక్టోబరు వాన, చెప్పి వస్తుందా? మిల్లు కూలోళ్ళు గోనెసంచులు తెచ్చి కోర్టు తుడిచినారు, ఫ్యాన్లు పెట్టినారు. ఆట మొదలయ్యేసరికి ఐదుంబావు. అవతల క్రొయేషియా పిల్లోడు, తాటిచెట్టు ఎత్తు. మొదటి సెట్టు మావాడు గెలిచినాడు. రెండోది ఆ పిల్లోడు లాక్కున్నాడు. లైట్లు వేసినారు. మూడో సెట్టు మొదలయ్యేటప్పుడు నా ఫోనులో ఆరూ నలభై.

అంటే నేను ఒక్క వేలు చూపించాల. రెండు చూపించినా. ఎందుకో నాకే తెలీదు, చెయ్యి అట్లా లేచింది.

ఆరూ యాభై అయింది. అంతోణి గేటు కాడికి వచ్చి తాళంచెవి ఆడించినాడు. నేను చూడనట్టు కూర్చున్నా. ఇంక ఎట్లా పోయినా ఎనిమిదికి అందుకోలేం. నా చేతికీ కాప్పు, వాని చేతికీ కాప్పు. తల్లీ కాళియమ్మా, వాని నాయనను తీసుకున్నావు, వీన్ని ముట్టుకోవద్దు, ఏమున్నా నామీద వేసుకో అని మొక్కినా. లేచి నిలబడి, టైము దాటిపోయిందిరా, ఇంగ నీ ఇష్టం అని చెప్పొచ్చు. చెప్తే ఏమవుతుంది? తొందర పోతుంది. తొందర పోతే వాడు వెనక్కి పోయి నిలబడి నిదానంగా బంతులు పంపిస్తాడు. పది నెలలు పచ్చచుక్క చూసినదాన్ని, నాకు తెలీదా?

పక్క మారినారు. వాడు నాపక్క చూసినాడు. రెండు వేళ్ళు చూపించినా.

మళ్ళీ మారినారు. రెండు వేళ్ళు. వాని ముఖంలో ఒక సందేహం వచ్చింది, టెన్షన్‌లో టైము నిలబడిపోయిందేమో అనుకున్నట్టు తల ఊపి పోయినాడు. స్కోరు నాలుగు, నాలుగు. ఒక వేలు ముడిచినా. వాడు బాణం మాదిరి నెట్టు మీదికి ఉరికినాడు. ఐదు, నాలుగు. చివరి బంతి క్రొయేషియా పిల్లోడు తలమీదుగా లేపినాడు, మావాడు ఎగిరి కొట్టినాడు. బంతి వచ్చి నా కాళ్ళ కాడ పడింది. అప్పుడు ఏడూ ఇరవై ఐదు. నేను ఏడ్చేసినా, సిగ్గు లేకుండా, చీర కొంగు నోట్లో పెట్టుకుని.

కప్పు ఇచ్చేటప్పుడు మైకు పెట్టినారు. అందరికీ నమస్కారం, మా అమ్మను ఇంటికి తీసుకుపోవాల అని చెప్పి కప్పు చంకలో పెట్టుకుని పరిగెత్తినాడు. పప్పుమిల్లాయన కప్పేదానికి తెచ్చిన శాలువ ఆయన చేతిలోనే ఉండిపోయింది. వ్యాను ఎక్కినాక అంతోణి ముందర ఉండే గడియారం చూసినాడు. ఏడూ నలభై.

బండి పోతా ఉండాది. బిడ్డ అడిగినాడు, ఎనిమిదికి అందుకోలేమని ఎప్పుడు తెలిసింది నీకు అని. మూడో సెట్టు మొదట్లోనే అన్నా.

"నాన్న గుర్తుకు రాలేదామా?"

"వచ్చినాడు. నా పక్కనే కూర్చున్నాడు," అన్నా. "ఆ పొద్దు తిరుత్తంగల్ నుంచి ఫోను చేసినాడురా. ఇంగొక్క లోడు, పేచ్చీ, అది ఎక్కించుకుని వచ్చేస్తా అన్నాడు. నేను అరిచి ఫోను పెట్టేసినా. ఆ లోడు ఎవరికోసం అని ఇరవైనాలుగేండ్లలో ఒక్క దినం కూడా నేను అనుకోలేదు."

వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. సాత్తూరు దాటేటప్పుడు ఇద్దరమూ కళ్ళు మూసుకున్నాం. అంతోణి సిలువ గుర్తు వేసుకున్నాడు. బండికి ఏమీ కాలేదు. ఎల్ల కాడికి చేరేసరికి డప్పు చుట్టేసినారు, లోపలికి లేదు అన్నారు. బస్సు నిలిచే చోట సిమెంటు దిమ్మ మీద కప్పు పక్కన పెట్టుకుని ఇద్దరమూ కూర్చున్నాం. ఎవరో ఎల్ల లోపలినుంచే ఇడ్లీ పొట్లం విసిరినారు.

మరుదినం సోమవారం ర్యాంకుల లెక్క వచ్చింది. రెండువందల ఇరవైయారు. వాడు జనవరికి టికెట్టు వేసుకుంటా ఉన్నాడు. నాకు మునియప్పన్ పరిహారం వేసినాడు. దినమూ తెల్లారి పదకొండు బిందెల నీళ్ళు గుడికి మొయ్యాల, నలభైయొక్క దినాలు. మోస్తా ఉండా. మోకాళ్ళు రెండూ అరిగిపోయినాయి.

నిన్న బిందె దించేటప్పుడు మునియప్పన్ అడిగినాడు, "నిజం చెప్పు తల్లీ, ఇంకొకసారి ఇట్లా చేస్తావా?"

అబద్ధం గుడిలో ఎట్లా చెప్పేది? "మూడో సెట్టులో ఉంటే చేస్తా," అన్నా.

ఇంకో పదకొండు దినాలు కలిపినాడు.