టాన్సీ తరిమిన గొర్రె

భార్య ఊనా పోయిన దగ్గర్నించీ ఆ కుక్క టోర్కిల్ గెడెస్ మొహం సరిగా చూడలేదు. పెడితే తినేది, తలుపు తీస్తే బయటికి నడిచేది, అంతే. పిలిస్తే చెవి ఒకటి కదిలించి ఊరుకునేది. దాన్ని దిక్కులేని కుక్కల ఆశ్రమం నుంచి తెచ్చుకున్నదీ, టాన్సీ అని పేరు పెట్టిందీ ఊనాయే. సగం గ్రేహౌండ్ వేటజాతి, మిగతా సగం ఏమిటో ఎవరికీ తెలియదు. ఈడ్చుకుపోయిన పొట్ట, పొడుగాటి కాళ్ళు, బూడిదరంగు ఒళ్ళు. "డ్రైవరుగారూ, మీ బస్సులా ప్రతి స్టాపులోనూ ఆగే రకం కాదిది, జాగ్రత్త!" అని మొగుణ్ణి ఆటపట్టించేది.

టోర్కిల్ ఇన్వర్నెస్‌లో ఉద్యోగమంతా బస్సు మీదే చేశాడు. రిటైరయ్యాక ప్రతి మార్చిలోనూ ఇద్దరూ కుక్కనెక్కించుకుని, పడక ఉన్న పాత వ్యానులో సదర్లాండ్ ఉత్తర తీరానికి వెళ్ళేవాళ్ళు. పర్యాటకుల కార్లు ఇంకా మొదలవని రోజులవి. ఈసారి వెళ్ళాలన్న కోరికేమీ లేదతనికి. ఇంట్లో ఉండలేక బయల్దేరాడు.

దారి పొడుగునా వానే. సముద్రం పక్కన వ్యాన్ ఆపి, ఫ్లాస్కులో టీ తాగుతూ, అద్దం మీద జారే నీళ్ళు చూస్తూ కూర్చునేవాడు. వెనక సీట్లో టాన్సీ తలుపుకేసి చూస్తూ కూర్చునేది. ఎవరి కోసం చూస్తోందో అతనికి తెలుసు.

ఆర్డ్‌మోరన్ కొన దగ్గరికి చేరేసరికి వాన తగ్గి పొగమంచు పట్టింది. గేటు మీద బోర్డుంది: సూడి గొర్రెలున్నాయి, కుక్కల్ని తాడు కట్టే నడిపించండి. టోర్కిల్ చదివాడు. ఊనా అయితే ఆ బోర్డు చూడగానే తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకునేది. అతనూ అలాగే చుట్టుకుని నడిచాడు. ఎండిన హీదర్ పొదలు, బురద, ఎక్కడో కింద రాళ్ళకు కొట్టుకుంటున్న అలలు. చుట్టూ చూస్తే ఒక్క గొర్రె లేదు. టాన్సీ తాడు చివర నిలబడి సన్నగా మూలిగింది. వెనక్కి తిరిగి, ఎన్నాళ్ళకో, అతని కళ్ళలోకి చూసింది.

ఆ చూపుకి అతను కరిగిపోయాడు. వదిలితే సంతోషిస్తుంది, సంతోషిస్తే తన దగ్గరికొస్తుంది అనుకున్నాడు. వంగి తాడు విప్పాడు.

అది బాణంలా పోయింది. మంచులో కలిసిపోయింది. మిట్ట అవతల గొర్రెల అరుపు వినబడ్డాక గానీ తను చేసిందేమిటో అతనికి తెలిసిరాలేదు. పిలుస్తూ పరుగెత్తాడు, రెండుసార్లు పడ్డాడు. మిట్ట ఎక్కేసరికి నల్లమూతి గొర్రెలు కొన్ని పొట్టలు ఊగుతూ కంచెవైపు పారిపోతున్నాయి. ఒకటి మాత్రం విడిపోయి కొండ అంచువైపు పోతోంది. దాని వెనక టాన్సీ. అరవలేదు, కరవలేదు, ఊరికే పరుగెత్తింది, అంతే. గొర్రె అంచు దగ్గర ఆగలేకపోయింది.

టాన్సీ ఆగింది. కిందికి తొంగిచూసి, నాలుక వేలాడేసుకుని, గంతులేస్తూ తిరిగొచ్చింది. వచ్చి అతని మోకాలికి తల ఆనించింది. తోక ఊపుతోంది. ఒళ్ళంతా వేడిగా ఉంది. టోర్కిల్ తాడు కట్టాడు.

చుట్టూ ఎవరూ లేరు. వ్యాన్ దగ్గరే ఉంది. మంచులో ఎవరూ చూసి ఉండరు. అతను వ్యాన్ దాకా నడిచాడు కూడా. కుక్కను లోపలికి ఎక్కించాడు, తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు కింది నుంచి గొర్రె అరుపు వినబడింది. అది ఇంకా చావలేదు.

దిగువన పొగ కనిపించిన ఇంటి తలుపు కొట్టాడు. తీసినావిడకి అరవై దాటి ఉంటాయి. మగవాళ్ళ స్వెట్టరు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. పేరు ఇష్‌బెల్ మకాస్కిల్ అని తర్వాత తెలిసింది.

"అమ్మా, నా కుక్క మీ గొర్రెను తరిమింది. అంచు మీంచి పడిపోయింది."

ఆవిడ అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. "బోర్డు చదవడం రాదా?"

"చదివాను."

"చదివి వదిలావా?"

"వదిలాను."

"కుక్కేదీ?"

"వ్యాన్లో ఉంది."

"ఉండనీ. అది పరుగెత్తుతుండగా నా కంటబడుంటే ఈపాటికి ఉండేది కాదు." లోపలికి వెళ్ళి తుపాకీ తెచ్చుకుంది, ఒక కత్తి, గోనెసంచీ. "పద పెద్దమనిషీ. చేసింది చూద్దువుగాని."

సముద్రపు పాచితో జారుతున్న కాలిబాట. కింద గులకరాళ్ళ మీద గొర్రె పడి ఉంది. నడుం విరిగింది. ముందుకాళ్ళతో లేవబోతోంది. ఇష్‌బెల్ దాని పక్కన కూర్చుని నుదురు నిమిరింది.

"దీన్ని సీసాపాలు పట్టి పెంచాను," అంది ఎవరితోనో అన్నట్టు. "పిలిస్తే పిల్లిలా వెంట వచ్చేది. అటు తిరగండి."

తుపాకీ పేలింది. కొండగూళ్ళ పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. అతను ఇటు తిరిగేసరికి ఆవిడ అప్పటికే పొట్ట కోస్తోంది. "నిలబడి చూస్తారేం, పట్టుకోండి!"

రెండు పిల్లలు. మొదటిది చచ్చే ఉంది. రెండోదాన్ని ఆవిడ వెనకకాళ్ళు పట్టి ఊపింది, నోట్లో వేలు పెట్టి జిగురు తీసింది, గోనెతో రుద్దింది. చిన్న తుమ్ము వినబడింది.

"కోటు గుండీలు విప్పండి. లోపల పెట్టుకోండి. పరుగెత్తకండి, పడతారు."

ఆ తడిపిల్లను గుండెకు ఆనించుకుని టోర్కిల్ కొండెక్కాడు. దాని గుండె తన చొక్కాకి తగులుతూనే ఉంది. ఏ దేవుణ్ణీ నమ్మనివాడు, అయినా దారి పొడుగునా ఎవరినో బతిమాలుకున్నాడు.

వంటింట్లో పొయ్యి పక్కన పెట్టెలో పడుకోబెట్టారు. ఆవిడ గొట్టంతో పాలు పట్టింది. అది రెండు గుటకలు మింగింది. టోర్కిల్ నేల మీదే కూర్చుని దాన్ని రుద్దుతూ ఉన్నాడు. దానికి నెలలు నిండలేదు. సాయంత్రపు వెలుగు ఇంకా కిటికీలో ఉండగానే దాని పక్కటెముకలు కదలడం మానేశాయి. అతను గమనించక ఇంకా రుద్దుతూనే ఉన్నాడు.

"చాలండీ," అంది ఇష్‌బెల్. "పోయింది."

ఆవిడ చెయ్యి కడుక్కుని టీ పెట్టింది. ఓట్స్ బిస్కెట్లు, జున్నుముక్క అతని ముందు పెట్టింది. అతను ముట్టుకోలేదు.

"ఇంటికెళ్ళి ఆ కుక్కనేం చేస్తారు?"

"తెలీదు. అది నా భార్య కుక్కండీ. శరదృతువులో పోయింది ఆవిడ."

ఇష్‌బెల్ తన కప్పు దగ్గరికి లాక్కుంది. "మళ్ళీ చేస్తుంది. ఒకసారి ఆ రుచి తెలిశాక మానదు."

"తెలుసు."

"మా ఆయన కుక్క కూడా ఇదే చేసింది. ఆయన్ని పాతిపెట్టిన ఏడాదే. నేనే కాల్చాను." కప్పు అంచు బొటనవేలితో తుడిచింది. "తప్పు చేశానని అనను. కానీ ఆ తర్వాత ఈ ఇంట్లో ఒక్క చప్పుడు లేదు. మీకేం చెప్పను, మీ ఇష్టం."

మర్నాడు పొద్దున్నే టోర్కిల్ మళ్ళీ వచ్చాడు. ఇద్దరూ తాళ్ళు కట్టి గొర్రెను పైకి లాగారు. అతనికి ఊపిరి ఆడలేదు, అరచేతులు ఒరుసుకుపోయాయి, ఆగుదామని మాత్రం అనలేదు. అంతా అయ్యాక క్షమించమని అడగబోయాడు.

"వద్దు," అంది ఆవిడ. "వచ్చి తలుపు కొట్టారు. అది చాలు. చాలదు కూడా అనుకోండి, కానీ అంతకుమించి నా దగ్గర లేదు. ఇంకెప్పుడూ మార్చిలో రాకండి."

"రానండి."

దక్షిణంగా బయల్దేరాడు. టాన్సీ ముందుసీట్లోకి వచ్చి, అతని మోచేతికి ఆనుకుని కూర్చుంది. నిన్నటి నుంచీ అతన్ని వదలడం లేదు. ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. ఇప్పుడు ఆ బరువు చేతికి తగుల్తుంటే తీసెయ్యలేడు, నిమరలేడు.

బీడుభూముల మధ్య, ఒక్క బండికి చాలే రోడ్డు మీద, ఎవరివో గొర్రెలు అడ్డంగా వచ్చాయి. టోర్కిల్ వ్యాన్ ఆపి ఇంజను కట్టేశాడు. టాన్సీ లేచి నిలబడింది. ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది, అద్దం మీద దాని ఊపిరి ఆవిరై పడుతోంది. అతను దాన్ని దగ్గరికి లాక్కుని, అరచేత్తో దాని కళ్ళు మూశాడు. గొర్రెలు తీరిగ్గా, ఒకదాని వెనక ఒకటి దాటుతున్నాయి. ఆఖరిది అవతలికి పోయేదాకా అలాగే మూసి ఉంచాడు.