రెండో సాక్షి

బస్సు ఏడుంబావుకని ఇద్దరు చెప్పినా పరంజ్యోతి మాస్టారు మూడో మనిషిని అడుగుతున్నారు. కోటబొమ్మాళిలో ఆయన సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఆ మూడో మనిషి, కిళ్ళీకొట్టు గణపతిరావు, నవ్వి ఊరుకున్నాడు. ఒకరు చెబితే పుకారు, ఇద్దరు విడివిడిగా చెబితేనే చరిత్ర అని మాస్టారి లెక్క. ఇంట్లోనూ అంతే. పాలు విరిగాయని భార్య పద్మకుమారి చెబితే లేచి వెళ్ళి గిన్నెలోకి చూసొచ్చేవారు. ముప్పయ్యేళ్ళకి ఆవిడ కూడా అలవాటుపడి, ముందు గిన్నె ఆయన ఎదుట పెట్టి, ఆ తర్వాత చెప్పడం నేర్చుకుంది.

మిషను బడిలో పంతులుగా రిటైరై ఏడేళ్ళయింది. సన్నగా, పొడుగ్గా, మెడ కాస్త ముందుకు చాచి నడుస్తారు. కుడిచేతి మధ్యవేలికి పెన్సిలు ఒరిసి కాయకాసింది. జిల్లాలోని క్రైస్తవ సంఘాల చరిత్ర, తొలి విశ్వాసుల జీవితాలు రాస్తున్నారు. నలభై ఒక్క జీవితాలు పూర్తయ్యాయి గానీ, రాసినవాటికంటే కొట్టేసినవే ఎక్కువ. తాత ప్రార్థనకి తాచుపాము పడగ దించేసిందని ఎవరైనా కళ్ళనీళ్ళతో చెప్పుకొస్తే, "ఇంకెవరు చూశారు?" అని అడిగేవారు. ఎవరూ లేరంటే పెన్సిలు అడ్డంగా లాగేసేవారు. ఆదివారం ప్రార్థనలో ఆయన పక్కన కూర్చునేందుకు ఎవరికీ మనసొప్పదు.

ఇప్పుడు ఆ గీత ఆయన కన్నతల్లి మీదికే వచ్చింది. భావనపాడు సముద్రంలో మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్నది తానేనని సంతోషమ్మ కొడుక్కి చెప్పేది. కాదు, మా తాత అంటాడు సంఘపెద్ద అబ్రహాం. సంఘం బాప్తిస్మాల రిజిస్టరులో మొదటి పేజీలు చెదలు తినేశాయి. "మీ అమ్మగారికీ రెండో సాక్షిని తెండి మాస్టారూ, మీ రూలే కదా!" అన్నాడు అబ్రహాం, పదిమందీ వినేలా. పుస్తకం రేపు అచ్చుకి పోవాలి. ఆనాడు ఒడ్డున నిలబడి చూసినవాళ్ళలో ఒక్క మనిషి మిగిలి ఉందని మాస్టారికి మొన్ననే తెలిసింది. పేరు అసిరమ్మ. చేపలమ్మి బతికిన మనిషి, సంఘంలో ఎప్పుడూ చేరలేదు.

టెక్కలిలో బస్సు మారి, ఉప్పుమళ్ళ గట్ల మీద నడిచి, ఎండెక్కేసరికి భావనపాడు చేరారు. భుజాన సంచి, చేతిలో నోటుబుక్కు. పంతొమ్మిదివందల అరవైతొమ్మిదిలో ఆ వేషంతో కొత్త ఊళ్ళోకి వెళ్ళడం తెలివైన పని కాదు. ఎగువన కొండల్లో నక్సలైట్ల గొడవలు. పేర్లు రాసుకునే మనిషి వెళ్ళిన వెనకే పోలీసు జీపు వచ్చిన ఊళ్ళున్నాయి. వలలు బాగుచేసుకుంటున్న మగాళ్ళు ఆయన్ని చూసి మాటలాపేశారు. అసిరమ్మ ఇల్లెక్కడంటే ముగ్గురు మూడు వైపులు చూపించారు. మాస్టారికి కోపం రాలేదు. వాళ్ళ స్థానంలో ఉంటే తానూ అంతే చేసేవారు.

అసిరమ్మ తాటాకింటి అరుగు మీద గోడకి ఆనుకుని ఉంది. వారంగా జ్వరం. చేతుల మీద చర్మం వేలాడుతోంది, చెవితమ్మెలు తెగేటట్టు సాగిపోయాయి, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. కోడలు చిన్నతల్లి వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తూ చెవి ఇటే వేసింది.

"నేను సంతోషమ్మ కొడుకునమ్మా. అరవయ్యయిదేళ్ళ కిందట మా అమ్మ ఇక్కడే..."

"ఎవులో నానెరగను బాబూ. నిన్నెవులు పంపినారు?"

"ఎవరూ పంపలేదు."

"ఎవులూ పంపకుండానే ఆ బుక్కెందుకు?"

జవాబు చెప్పినా ఆవిడ నమ్మలేదు. ఆయన మొహం అంతా వెతికి, చివరికి అంది. "కొడుకువైతే సెప్పు. మీ యమ్మ ఎడం కాలికి ఏటున్నాది?"

మాస్టారికి తెలియకేం! తల్లి ఎడంకాలికి ఆరువేళ్ళు. చిన్నప్పుడు ఆ ఆరో వేలు పట్టుకుంటే గానీ నిద్రపట్టేది కాదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ సాక్షికి ముందుగా మనం చెబితే, ఆ తర్వాత సాక్షి చెప్పేదంతా మన మాటే అవుతుంది. ముసల్ది ఎంత తెలివిగా తననుంచి లాగుతోందో అని అనుమానం కూడా కలిగింది.

"అది నువ్వే చెప్పాలమ్మా," అన్నారు.

అసిరమ్మ కళ్ళు మూసుకుంది. ఆపైన ఏమడిగినా ఒకటే జవాబు. మొదట మునిగింది సంతోషమ్మేనా? ఆఁ. అబ్రహాం తాత ఆ తర్వాతేనా? ఆఁ. మాస్టారు గబగబా రాయబోయి ఆగారు. ఇంత సులువుగానా? ఎప్పుడూ ఆఖర్న వేసే ఉచ్చు వేశారు. ఆ రోజు అరికాళ్ళు బొబ్బలెక్కే ఎండ అని తల్లి చెప్పేది.

"ఆ రోజు పెద్ద వాన కదమ్మా?"

"ఆఁ, వానే బాబూ. నువ్వేటంటే అదే."

ఆయన పెన్సిలు అడ్డంగా లాగేశారు. కన్నతల్లి పేరు మీద గీసినా గీత వంకరపోలేదు. అందుకు ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

గంట నడిచి రోడ్డెక్కి, బస్సు కోసం నిలబడ్డారు. అంతలో గట్టు మీద చిన్నతల్లి పరుగెత్తుకొస్తూ కనిపించింది.

"ఆగు బాబూ! ముసల్ది పంపినాది. వాన అబద్దమట. కాళ్ళు కాలిపోయే ఎండట. పోలీసోడివేమోనని బయపడి ఆఁ అనీసినాదట." రొప్పుతూ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ కాలి సంగతి సెప్తే నిన్ను తోలుకు రమ్మన్నాది. నీకిచ్చీది ఒకటున్నాదట. సెప్పకపోతే ఒగ్గీమన్నాది."

మాస్టారు ముందు నోటుబుక్కు తెరవబోయారు. పాత అలవాటు ఒక పట్టాన వదల్లేదు.

"ఆరు వేళ్ళు," అన్నారు చివరికి, పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు.

"అదే! అదే అన్నాది! రా మరి."

వెళ్ళేసరికి అసిరమ్మ అలాగే గోడకి ఆనుకుని ఉంది. చిన్నతల్లి భుజం పట్టుకుంటే తల పక్కకి ఒరిగింది. మాస్టారు నాడి చూశారు. రెండోసారి చూశారు. మూడోసారి చూడలేదు. అరుగంచున కూలబడి, ఒక్క మాట, ఒక్క మాట చెప్పి ఉంటే, అని పైకే ఏడ్చారు. ఆయన ఏడుపు చూశాక వలల దగ్గరి మగాళ్ళకి అనుమానం పోయింది, ఒక్కొక్కరే లేచి వచ్చారు.

చిన్నతల్లి రేకుపెట్టె తెరిచి ఒక చీర తెచ్చింది. పొందూరు నూలు చీర, తెల్లది, పాతబడి పసుపురంగుకి తిరిగింది. "తడి సీరతో ఎలాగెల్తావని ముసల్ది తన సీరిచ్చినాదట. మళ్ళీ వస్తానని మీ యమ్మ ఇది ఉంచీసినాదట. రానేదు."

చీర మూల ఎర్రదారంతో ఒకటి అంకె కుట్టి ఉంది. నీళ్ళలోకి దిగే వరస ప్రకారం మిషనువాళ్ళు తెల్లబట్టలకి అంకెలు కుట్టేవారని ఆయనే రెండో అధ్యాయంలో రాశారు, ఇద్దరు సాక్షులతో సహా. ఇంక అబ్రహాం నోరెత్తలేడు.

పక్కింటి జగ్గమ్మ వచ్చి, ఏడుపులు సాగుతుండగానే, "పుట్టింటి సీరెవులు కప్పుతారే? దీనికి అటేపు ఒక్కడూ మిగల్నేదు," అంది. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ చీర పడందే పాడె లేవదు.

మాస్టారు చీర గుండెకి హత్తుకున్నారు. ఇది పాడెతో పోతే రేపు పుస్తకంలో అబ్రహాం తాత పేరే పడుతుంది, ఎప్పటికీ. వేళ్ళు ఆ మూలని వదల్లేదు. కాసేపటికి లేచి మడతలు విప్పారు.

"నేనున్నాను," అన్నారు.

"నువ్వెవులివి బాబూ?" అంది జగ్గమ్మ.

"సంతోషమ్మ కొడుకుని."

ఎవరూ సాక్షిని అడగలేదు. పక్కకి జరిగి దారిచ్చారు. మాస్టారు చీర పరిచి, మెడ దాకా కప్పి, వెనక్కి తగ్గారు. అసిరమ్మ పాదాల దగ్గర ఎర్రదారపు ఒకటి, ఒక పోగైనా ఊడకుండా, పైకే కనబడుతోంది.