కుర్చీలు అల్లిన అమ్మాయి

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ పట్టదు. అందరికీ అద్దాలాయనే. ముప్ఫై ఏళ్ళుగా కళ్ళద్దాలు సానపట్టే యంత్రం ముందు వంగి కూర్చుని ఆయన నడుము విల్లులా అయిపోయింది. "కాస్త విశ్రాంతి తీసుకోరాదూ?" అని ఎవరైనా అంటే, "మా అమ్మాయి డాక్టరయ్యాక నా నడుమూ అదే చూసుకుంటుంది, నా విశ్రాంతీ అదే చూసుకుంటుంది" అనేవాడు. కొట్టుకొచ్చినవాళ్ళకి చూపు కుదిరిందో లేదో గానీ, ఆయన ఒక్కగానొక్క కూతురు వైద్యం చదువుతోందన్న సంగతి మాత్రం చెవులు చిల్లులు పడేలా తెలిసేది.

ఆ అమ్మాయి సెలవులకి ఇంటికొచ్చింది. మర్నాడు జ్వరం తగిలింది. నాలుగో రోజున పోయింది. జ్వరం మెదడుకెక్కిందన్నారు. ఆసుపత్రి వరండాలో ఆయన కనబడ్డ ప్రతి డాక్టరు చేతులూ పట్టుకుని, "ఇదీ మీ మనిషేనండీ, రేపో మాపో మీ పక్కన నిలబడేదే" అని బతిమాలాడు. భార్య పక్కనే ఉంది. తల దించుకుంది.

ఆ తరవాత యంత్రం ముందు కూర్చున్నా ఆయనకి చెయ్యి ఆడలేదు. దేనికి ఆడాలి? పొద్దున్నే లేవడం, ఇంత తినడం, కొట్టు తాళం తియ్యడం, అన్నీ ఆ పిల్ల కోసమే చేశాడు. తనకంటూ ఇంకో కోరిక పెట్టుకోవాలని కూడా తోచలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు "మనసు రాయి చేసుకోండి" అనేవారు. రాయయితే మాత్రం ఏం చెయ్యాలో వాళ్ళకీ తెలీదు.

రెండో నెలలో, కూతురు చదువుకునే ఊళ్ళో అద్దెకున్న గది ఖాళీ చెయ్యాల్సొచ్చింది.

"నేను వెళ్ళొస్తాను, మీరుండండి" అంది భార్య.

"నువ్వు తట్టుకోలేవు."

"పోనీ ఇద్దరం వెళదాం."

ఆయన వినలేదు. ఒక్కడే రైలెక్కాడు.

గది మూడో అంతస్తులో ఉంది. ఇంటావిడ తలుపు తీసింది. ఒక మంచం, కిటికీ దగ్గర స్టవ్వు, దండెం మీద రెండు జతల బట్టలు. పుస్తకాల కోసం వెతికాడు. వైద్యం చదివే పిల్ల గదిలో బండెడు పుస్తకాలుండాలి కదా! ఒక్కటీ లేదు. మంచం కింద మాత్రం సన్నగా చీల్చిన పేము చుట్టలు చుట్టలుగా ఉంది. పక్కనే ఓ చిన్న సుత్తీ, వంకర కత్తీ.

"ఇవెవరివమ్మా?"

"మీ అమ్మాయివేగా. కుర్చీల కొట్టు నించి తెచ్చుకునేది. అక్కడే కదండీ పని."

"మా అమ్మాయి వైద్యం చదువుతోంది" అన్నాడు, తప్పు దిద్దుతున్నట్టు.

ఇంటావిడ మెల్లిగా, "అది మానేసి ఏడాది దాటిందండీ" అంది.

వీధి చివర ఆ కుర్చీల కొట్టు. బయట బల్ల మీద అల్లిక లేని కుర్చీలు ఎముకల గూళ్ళలా వరసగా ఉన్నాయి. లోపల తొట్టెలో పేము నానుతోంది. కింద కూర్చుని ఒక కుర్చీని ఒళ్ళోకి లాక్కుని అల్లుతున్న నడివయసు మనిషి తలెత్తి చూసింది. చూసి, చేతిలో పని వదిలేసింది.

"మీరు అమ్మాయి నాన్నగారు. ఆ ముక్కు చూస్తేనే తెలుస్తోంది" అంది. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆవిడ ఆ కొట్టు మేస్త్రమ్మ. స్టూలు వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆయన అడక్కుండానే చెప్పింది. "విరిగిన కుర్చీ ఒకటి బాగు చేయించుకోడానికి వచ్చిందండీ. వచ్చి, అలా నిలబడి చూస్తూ ఉండిపోయింది. మర్నాడూ వచ్చింది. మూడో రోజు, నాకు నేర్పుతారా అంది. డాక్టరు చదివే పిల్లవి నీకెందుకే ఈ గోల అన్నాను. 'అక్కడ నాకు ఊపిరాడటం లేదు పిన్నీ, ఇక్కడ ఆడుతోంది' అంది."

"స్కాలర్‌షిప్ వచ్చింది, ఇంక ఫీజు పంపద్దు అంది నాతో" అన్నాడాయన. ఆ స్కాలర్‌షిప్ సంగతి వీధంతా చాటింది ఆయనే. పోయినసారి వచ్చినప్పుడు దాని వేళ్ళ నిండా గాట్లు చూసి, ఆపరేషన్లు నేర్చుకుంటోందని మురిసిపోయిందీ ఆయనే. "నాకెందుకు చెప్పలేదమ్మా? కొడతానా, తిడతానా?"

"చెప్పాలనే ఉండేదండీ. సెలవులకి బయల్దేరినప్పుడల్లా, ఈసారి చెప్పేస్తా పిన్నీ అనేది. తిరిగొచ్చి, 'గుమ్మంలో కాలు పెట్టగానే మా డాక్టరమ్మొచ్చింది అంటాడు. ఆ మొహం చూస్తూ ఎలా చెప్పను?' అని ఏడ్చేది."

"ఈసారీ అలాగే అందా?"

మేస్త్రమ్మ తలూపింది.

ఆయనకి గుర్తొచ్చింది. ఇంటికొచ్చిన సాయంత్రం, "నాన్నా, నీతో ఒక మాట" అంది. అప్పుడే పక్కింటాయన వచ్చాడు. "మాటలకేముందే, ముందు ఈయన నాడి చూడు" అన్నాడు తను. పిల్ల తండ్రి వంక ఒక్క క్షణం చూసి, లేచి వెళ్ళి చెయ్యి కడుక్కొచ్చి, పక్కింటాయన నాడి పట్టుకుంది. మర్నాటికి జ్వరం.

ఇంతలో ఒక ముసలావిడ కర్ర పొడుచుకుంటూ వచ్చింది తన కుర్చీ కోసం. మేస్త్రమ్మ తెచ్చి వేస్తూ, "ఇది తను అల్లిందే" అంది ఆయనకి మాత్రమే వినబడేలా. ముసలావిడ వంగి అల్లికంతా చేత్తో తడిమి, మెల్లిగా కూర్చుని, కాళ్ళు చాపి, "అమ్మయ్య!" అంది. ఎవరు అల్లారని ఆవిడ అడగలేదు. ఆయన చెప్పబోయాడు. అప్పటికే ఆవిడ హాయిగా కళ్ళు మూసుకుంది.

ఇల్లు చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. భార్య గుమ్మంలోనే ఉంది. ఆయన మొహం చూసి, "తెలిసిందా?" అంది.

అప్పుడర్థమైంది ఆయనకి. అక్కడే మెట్టు మీద కూలబడిపోయాడు. "నీకెప్పట్నించి తెలుసు?"

"మొదటి రోజు నించీ. ఆదివారాలు మీరు కొట్టుకెళ్ళాక ఫోన్ చేసేది."

"నన్ను వెర్రివాణ్ణి చేశారు కదే ఇద్దరూ!"

"మీరు బతుకుతున్నదే ఆ మాట మీద. దాన్నెలా లాగెయ్యమంటారు?" ఆవిడ కోపంగానే అంది, కానీ ఆ కోపం మధ్యలోనే విరిగిపోయింది. "చెప్పెయ్యవే అని నేను గట్టిగా అనాల్సింది. అనలేదు. అది నా తప్పు."

ఆయన చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. తరవాత ఆయన, "ఇన్నేళ్ళూ దేనికోసం బతికానే నేను? లేని డాక్టరు కోసం బతికాను. ఉన్న పిల్లని చూసుకోలేదు. ఇప్పుడు ఆ పిల్లా లేదు" అన్నాడు. "ఇంక దేనికోసం చెప్పు?"

"నాకు తెలీదండీ" అంది ఆవిడ. ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది. "తెలిస్తే ముందు నాకే చెప్పుకునేదాన్ని."

ఎదురింటి పిల్లలు బడి నించి వచ్చేదాకా అలాగే కూర్చున్నారు. వాళ్ళు వీళ్ళని చూసి గొంతులు తగ్గించి లోపలికెళ్ళిపోయారు. అప్పుడు ఆయన, "ఆదివారాలు ఏం చెప్పేది?" అని అడిగాడు.

"ఏవో పిచ్చి కబుర్లు."

"అవే చెప్పు. మొదట్నించీ చెప్పు. ఒక్కటీ వదలకు."

ఆవిడ కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. మొదటిసారి అల్లిన కుర్చీలో మేస్త్రమ్మ కూర్చోగానే అల్లిక ఊడి ఆవిడ అందులో ఇరుక్కుపోయిందట. ఇద్దరు మనుషులొచ్చి బయటికి లాగారట. "అది చెప్తూ చెప్తూ ఫోన్లోనే పడీపడీ నవ్విందండీ. ఎంతకీ ఆపదే!"

ఆయన నవ్వాడు. పెద్దగానే నవ్వాడు. కూతురు అలా నవ్వగా తను విని ఎన్నేళ్ళయిందో లెక్క వేసుకోబోయాడు. లెక్క తేల్లేదు. నవ్వు ఎక్కడ ఆగిందో, ఏడుపు ఎక్కడ మొదలైందో తెలీలేదు. భార్య ఆయన వీపు మీద చెయ్యి వేసి, ఊపిరి కుదుటపడేదాకా ఆగి, రెండో ఆదివారం కబురు ఎత్తుకుంది.