పొగమంచులో రెండో పిలుపు

మా ఊళ్ళో హార్ పట్టిన రోజున బయటినుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకం. రెండోసారి పిలిచేదాకా ఆగుతాం. హార్ అంటే సముద్రం మీంచి లేచి వీధుల్లోకి వచ్చే పొగమంచు. అది పట్టిందంటే ఎదురింటి తలుపు కూడా కనపడదు. మునిగిపోయినవాళ్ళు ఒక్కసారే పిలవగలరని, బతికున్న మనిషికి పనుంటే మళ్ళీ పిలుస్తాడని నాన్న చెప్పేవాడు. ఉత్తరాలు తెచ్చే కుర్రవాడికీ ఇది తెలుసు. "ఎల్స్పెట్! ఎల్స్పెట్!" అని ఒక్క ఊపిరిలో రెండుసార్లు అరిచి, ఉత్తరం తలుపు సందులో పడేసి పోతాడు.

ఆ శనివారం పొద్దున నేను పొగబెట్టిన చేప ముక్కలు పాలలో వేసి సూప్ కలుపుతున్నాను. మా చెల్లెలు నెల్లీ బంగాళాదుంపలు తరుగుతోంది. కిటికీ అవతల అంతా తెలుపు. ఆ తెలుపులోంచి ఎవరో పిలిచారు.

"నెల్లీ!"

ఆడగొంతు. బాగా తెలిసిన గొంతే, కానీ ఎవరిదంటే చెప్పలేను. నెల్లీ కత్తి ఆగింది. నా గరిటె ఆగింది. పాలు పొంగుకొచ్చి పొయ్యి మీద పడుతున్నా ఇద్దరం కదల్లేదు. రెండో పిలుపు రాలేదు. నెల్లీ మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. దాని గురించి మేమిద్దరం ఒక్క మాటా అనుకోలేదు. అప్పటికే మా మధ్య మాటలు తక్కువైపోయాయి.

దానికి కారణం ఓటు. స్కాట్లాండ్ ఇంగ్లండుతో కలిసి ఉన్న రాజ్యాన్ని వదిలి వేరే దేశం కావాలా, వద్దా అని మమ్మల్ని ఒకసారి అడిగారు. నెల్లీ కావాలంది. నేను వద్దన్నాను. దేశం కూడా వద్దనే అంది. నాకు రాజకీయం తెలిసి అన్న మాట కాదది. మా అన్న ఇన్నెస్ పడవలో వెళ్ళాడు, పడవ ఒక్కటే దొరికింది. మా ఆయన అలెక్ నాతో పాటు బస్సులో అబెర్డీన్ ఆస్పత్రికి వచ్చాడు, తిరుగు బస్సులో నేనొక్కదాన్నే కూర్చున్నాను. విడిపోవడం అనే మాట కాగితం మీద కనపడితే నా చెయ్యి దాని పక్కన గుర్తు పెట్టలేదు. పదిహేనేళ్ళకే చేపలు కోసే షెడ్డులో చేరినదాన్ని, నేను చదివిందంతా లైబ్రరీ బండి తెచ్చిన పుస్తకాలే. వాటిల్లో దేశాలు చాలా విడిపోయాయి. విడిపోయి సుఖపడ్డారని కొన్నిట్లో ఉంది, లేదని కొన్నిట్లో ఉంది. రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయినవాళ్ళ సంగతి మాత్రం అన్నిట్లోనూ ఒకటే.

తర్వాత లండన్ వాళ్ళు మొత్తం రాజ్యాన్నే యూరప్ నుంచి బయటికి లాక్కుపోయారు. స్కాట్లాండ్‌లో ఎక్కువమంది వద్దన్నా ఆగలేదు. అప్పటినుంచి ఇంటింటా ఇదే గొడవ. సంగతులు మారిపోయాయి గనక మళ్ళీ ఓటు పెట్టాలని కొందరు, ఒకసారి తేలింది చాలని కొందరు. మళ్ళీ పెట్టమని మా ఊరు తరఫున ఉత్తరం పంపాలా వద్దా అని ఆ మధ్యాహ్నం జాలరుల హాల్లో సభ.

నెల్లీ చేతులు తుడుచుకుని తలుపు వెనక్కి చూపించింది. అక్కడ తన పెట్టె ఉంది.

"నువ్వు ఓటు ఏ పక్కనైనా వేసుకో ఎల్స్పెట్. అది నీ ఇష్టం. కానీ అసలు అడగడానికే అడ్డంగా చెయ్యెత్తావనుకో, నాలుగింటి బస్సుకి పిన్ని కూతురు క్రిసీ దగ్గరికి వెళ్ళిపోతాను. ఇక రాను."

"ఆ పిల్లి మొహం క్రిసీతో నువ్వు రెండ్రోజులు ఉండలేవు."

"నీతో ఇన్నేళ్ళు ఉన్నాగా."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. పెట్టె చేత్తో పట్టుకునే సభకి వచ్చింది.

హాల్లో తడి కోటుల వాసన, టీ వాసన. సభకి పెద్దగా కూర్చున్నది వాటీ స్లేటర్. రేవు పెత్తనం మానేసి చాలా కాలమైనా ఇంకా పడవల్ని అదిలించే గొంతే. మొదట లేచింది బడిలో పాఠాలు చెప్పే కర్స్టీ.

"అప్పుడు నేను స్కూలు పిల్లని. నన్నెవరూ అడగలేదు. యూరప్‌లో ఉండాలంటే ఇంగ్లండుతోనే ఉండమని చెప్పారు మీకు. ఉన్నారు. ఏమైంది మరి?"

"ఏమైందంటే, ఓడిపోయినవాళ్ళు ముక్కలు మళ్ళీ పంచమంటున్నారు," అన్నాడు వాటీ. "వాళ్ళకి నచ్చిన ముక్క వచ్చేదాకా పంచుతూనే ఉండాలా, అమ్మాయ్?"

"మీ ఆవిడ నిన్ను టీ ఇంకో కప్పు కావాలా అని అడగదా, వాటీ?" అని వెనకనుంచి ఎవరో.

"అడగదు! నలభై ఏళ్ళుగా అదే నా బాధ!"

హాలంతా నవ్వింది. ఇంగ్లండు నుంచి వచ్చి ఇక్కడే తేనెటీగలు పెంచుకుంటున్న పెంబర్టన్ గారు మర్యాదగా లేచాడు. "పెళ్ళికి ఒప్పుకున్న మనిషిని ఏటేటా మళ్ళీ అడగరు కదండీ."

"నన్ను పెళ్ళికి ఒకడు అడిగాడు," అంది నెల్లీ కూర్చున్నచోటినుంచే. "ఆ రోజు పంటి నొప్పితో వద్దన్నాను. వెర్రివాడు, రెండోసారి అడగలేదు."

ఈసారి పెంబర్టన్ గారు కూడా నవ్వాడు. నెల్లీ నవ్వకుండా లేచి నిలబడింది.

"హార్‌లో మొదటి పిలుపుకి పలికినవాళ్ళు ఎవరున్నారు ఈ ఊళ్ళో? చేతులెత్తండి చూద్దాం. రెండోసారి పిలిస్తేనే కదా మనిషని నమ్ముతాం. మరి దేశాన్ని ఒక్కసారి పిలిచి ఊరుకుంటే ఎలా?"

ఒక్క చెయ్యీ లేవలేదు. నాకే నోరాగలేదు.

"మనం పలికేశాం నెల్లీ. పలికాక కూడా ఇంకా పిలుస్తున్నారంటే భయం వేయదూ? ఒకసారి అడిగారు, చాలు."

నెల్లీ నావైపు చూసింది. పొద్దున ఆ గొంతు వినపడ్డప్పుడు ఉన్న మొహమే. వాటీ చేతులెత్తమన్నాడు. పంపాలన్నవాళ్ళు ఎత్తారు, దించారు. వద్దన్నవాళ్ళని ఎత్తమన్నాడు. నా చెయ్యి లేచింది. దింపుదామనుకునేసరికి నెల్లీ పెట్టె తీసుకుని తలుపు దాకా వెళ్ళిపోయింది. తలుపు తెరుచుకుంది, తెలుపు కాస్త లోపలికి వచ్చింది, తలుపు మూసుకుంది.

బస్సు ఆగేది రేవు దగ్గర, పడవల్ని నీళ్ళలోకి దింపే ఏటవాలు బాట పక్కనే. ఎండలో అయితే కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు. ఆ హార్‌లో బాట ఎక్కడ తిరుగుతుందో, రాయి ఎక్కడ అయిపోతుందో తెలీదు.

"ఎల్స్పెట్, కోటు!" అని వాటీ వెనకనుంచి అరుస్తున్నా నేను బయటపడ్డాను.

నా చేతులు నాకే కనపడలేదు. కింద నీళ్ళు రాయిని నాకుతున్న చప్పుడు ఒక్కటే. అది ఏ పక్కనుంచో తెలియడంలేదు, అన్ని పక్కలనుంచీ వస్తున్నట్టుంది.

"నెల్లీ!" అని పిలిచాను.

జవాబు లేదు.

జవాబు రాదని నాకు తెలుసు. అదీ నాన్న కూతురే, మొదటి పిలుపుకి పలకదు. మళ్ళీ పిలవాలి. నా గొంతు లేవలేదు. ఒకసారి అడిగాం చాలని అంతమందిలో అనేసి వచ్చానన్న సిగ్గు కొంత. అంతకన్నా పెద్ద భయం ఇంకోటి. ఒక్కసారే పిలిచి ఊరుకుంటే, పాపం దానికి వినపడలేదని చచ్చేదాకా అనుకోవచ్చు. రెండోసారి పిలిచాక కూడా పలక్కపోతే ఇక అనుకోవడానికేమీ ఉండదు. అది వెళ్ళిపోయినట్టే. ఇన్నెస్‌ని రేవుమీద నిలబడి అమ్మ ఎందుకు ఒక్కసారే పిలిచిందో అప్పుడర్థమైంది నాకు.

ఎక్కడో పైన బస్సు ఇంజన్ చప్పుడు. రేవువైపు దిగుతోంది.

"నెల్లీ!"

నీళ్ళ చప్పుడు. తర్వాత, నేననుకున్న పక్క కాదు, బాగా కిందనుంచి, "ఇక్కడ! అక్కడే ఉండు, పిలుస్తూ ఉండు!"

పిలుస్తూ ఉన్నాను. ఎన్నిసార్లు పిలిచానో తెలీదు. మొదట పెట్టె కనపడింది, తర్వాత చెయ్యి. పట్టుకున్నాను. మంచులా ఉంది. బస్సు వచ్చి, ఎవరూ లేరనుకుని వెళ్ళిపోయింది. దాని దీపాలు కూడా కనపడలేదు మాకు.

ఇంటికొచ్చాక పొయ్యి దగ్గర కూర్చోబెట్టి దాని బూట్లు విప్పాను. మోకాళ్ళ దాకా తడి. బూటు లేసుకి సముద్రపు నాచు చుట్టుకుని ఉంది.

"బస్సుకోసం నీళ్ళలో నిలబడ్డావా?" అన్నాను.

"నువ్వు పిలిచావు," అంది.

"అవును, పిలిచాను."

"కాదు, అంతకుముందు. నేను బస్సు దగ్గరికి చేరకముందే. కిందనుంచి, నీళ్ళవైపునుంచి నీ గొంతు 'నెల్లీ' అంది. ఇదేంటి, నాకన్నా ముందెలా దిగింది, పడిపోయిందేమోనని బాటమీద దిగాను. తర్వాత వెనకనుంచి మళ్ళీ 'నెల్లీ' అని. అదీ నీ గొంతే. అటొకటి, ఇటొకటి. రెండూ నువ్వే. ఎటు రావాలో తెలీక నీళ్ళలో నిలబడిపోయాను, ఎల్స్పెట్."

లేసుకి చుట్టుకున్న నాచు విప్పి పొయ్యిలో వేశాను.

"అప్పుడు వెనకనుంచి ఇంకోసారి పిలిచావు," అంది. "కిందది ఇంకోసారి పిలవలేదు."

సూప్ వేడి చేసి పెట్టాను. తాగింది. పెట్టె తనే విప్పుకుని బట్టలు మళ్ళీ బీరువాలో సర్దుకుంది. ఉండిపొమ్మని నేనడగలేదు. అడగనందుకు చివాట్లు తిన్నాను.

మర్నాడు వాటీ ఇంటికెళ్ళి, ఉత్తరం పంపమన్నవాళ్ళలో నన్నూ కలపమన్నాను.

"అంటే రేపు ఓటు పెడితే అటువైపు వేస్తావా?"

"వెయ్యను. వద్దనే అంటాను."

"మరి అడగమనడం ఎందుకమ్మా తల్లీ?"

"అడగనీ," అన్నాను. వాటీ తలుపు దాకా వచ్చి సాగనంపాడు. హార్ లేకపోయినా, వీధి మలుపు తిరిగేటప్పుడు రెండుసార్లు పిలిచి జాగ్రత్త చెప్పాడు.

ఓటు సంగతి ఇంకా తేలలేదు. మా ఇంట్లో రోజూ ఆ పోట్లాట జరుగుతూనే ఉంది. నెల్లీ నన్ను పిరికిదంటుంది, నేను దాన్ని మొండిదంటాను, టీ చల్లారిపోతుంది. అయినా పక్క గదిలో ఉన్నా ఒకరినొకరం రెండుసార్లు పిలుచుకుంటాం. చూసినవాళ్ళు ముసలాళ్ళకి చెవుడనుకుంటారు.

మొన్న మళ్ళీ హార్ పట్టింది. నేను రొట్టె నములుతున్నాను, నెల్లీ ఎదురుగా కూర్చుని నా స్వెట్టర్ మోచేయి కుడుతోంది. కిటికీ అవతలనుంచి నా గొంతు, నేను అలిసిపోయినప్పుడు ఎలా పిలుస్తానో సరిగ్గా అలాగే, "నెల్లీ" అంది.

నెల్లీ తలెత్తి నా నోటివైపు చూసింది. నోట్లో రొట్టె అలాగే ఉంది. తన చెయ్యి బల్లమీదుగా వచ్చి నా చేతిమీద పడింది. ఇద్దరం కిటికీవైపు తిరిగి, రెండో పిలుపు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాం.