పెంపుడు బిడ్డకు విస్తరి

మా ఆయన కుమ్మరోళ్ల పిల్లకు శ్లోకాలు చెప్తానన్న రోజు నేను మురిసిపోయాను. ఇప్పుడు అది తలుచుకుంటే ఒళ్లంతా కంపరమెత్తుతుంది.

మా ఊరు దేవరుప్పులకు దగ్గరే. ఊళ్లోకి వెట్టి వద్దనే సంఘం జెండా వచ్చిన కొత్త రోజులవి. ఆయన దొర ఉండే గడీలోని గుడిలో అర్చకుడు. దొర కొలిచే బియ్యంతోనే మా పొయ్యి వెలిగేది. అలాంటి మనిషి ఒక పొద్దున కనకిని వెంటబెట్టుకొచ్చి, దీనికి దైవభక్తి నేర్పుతానన్నాడు. కనకికి పదేళ్లు కూడా నిండలేదు. తల్లీతండ్రీ గత్తర రోగం తగిలి పోతే అవ్వ కొమురమ్మ కుండలు చేసి సాకుతోంది. పోనీలే, ఈయనకు ఇన్నాళ్లకు మంచి బుద్ధి పుట్టింది అనుకున్నాను.

ఆయన అరుగు మీద, పిల్ల వాకిట్లో మట్టిలో. అదీ బడి. పిల్ల గొంతు మాత్రం ఎంత బాగుండేదో! ఒకసారి చెప్తే చాలు, తిరిగి అప్పజెప్పేది. ఆ సంబరంలోనే ఒకనాడు అరుగు మెట్టు మీద కాలు పెట్టింది. ఆయన బెత్తంతో ఆ కాలి మీదే కొట్టాడు.

"నీ జాగ ఏదో ముందు నేర్చుకో. శ్లోకం తర్వాత."

పిల్ల పోయాక అది కూర్చున్న చోట పసుపునీళ్లు చల్లేవాడు. నాకు మండేది. అయినా చదువు అబ్బుతోంది కదా అని ఊరుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం కొమురమ్మ పెరటి గుమ్మం దగ్గరికొచ్చి కూలబడింది.

"అమ్మా, నా మనుమరాలిని ఆడబాపగ పంపుతరట. చిన్న దొరసాని అత్తగారిల్లు మహదేవపూర్ దిక్కట. గంత దూరం పోయినంక నా పోరి మొఖం మళ్ల నాకు కనవడ్తదా?"

ఆడబాప అంటే మా దిక్కున వివరం చెప్పక్కర్లేదు. దొర బిడ్డకు పెళ్లయితే సారెతో పాటు ఒక ఆడపిల్లను కూడా పంపిస్తారు, ఇత్తడి బిందెను పంపినట్టే. ఆ ఇంట్లో ఆ పిల్ల గతి ఏమవుతుందో అందరికీ తెలుసు. ఎవరూ నోరు మెదపరు.

ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు నిలదీశాను. ఆయన దాచలేదు కూడా. దాచాల్సింది ఏముందన్నట్టు చెప్పాడు.

"సంఘం ఐలయ్య ఆడబాపలను పంపొద్దని సర్కారుకు అర్జీ పెట్టిండు. విచారణకు అధికారి వస్తున్నడు. వెట్టి పిల్లయితే కానూను ఒప్పుకోదట. దిక్కులేని పిల్లను సాదుకుని, దైవభక్తి నేర్పి, బిడ్డ లెక్క పంపుతున్నమంటే ఒప్పుకుంటదట. అందుకే దొర గీ చదువు పెట్టించిండు. ఇంకింత పప్పు వెయ్యి."

అంటే నా వాకిట్లో రోజూ వినపడిన ఆ శ్లోకాలు పిల్లకు వేస్తున్న పలుపుతాడన్నమాట. ఆయన మూతికి నెయ్యి అంటి ఉంది. గరిటె గిన్నెలో పడేసి లేచిపోయాను.

అధికారి వచ్చిన రోజు గడీలో పెళ్లిపనులు జోరుగా ఉన్నాయి. వడ్డనకు నన్నూ పిలిచారు. గేటు బయట ఐలయ్య, సంఘం వాళ్లు, ఊరు ఊరంతా నిలబడ్డారు. కొమురమ్మ గేటు కమ్ములు పట్టుకుని లోపలికే చూస్తోంది. కనకికి తలంటి, కొత్త లంగా కట్టి నిలబెట్టారు. శ్లోకాలు చదవమంటే ఒక్క తప్పు లేకుండా చదివింది. ఇష్టంగానే పోతున్నావా అని అడిగితే మా ఆయన వైపు చూసింది. ఆయన తలాడించాడు. పిల్లా తలాడించింది.

"వహ్వా! వెట్టి పిల్లకు ఎవలన్న ఇంత చదువు చెప్తరా? ఇది సాదుకున్న బిడ్డే. అర్జీ ఖతం," అన్నాడు అధికారి. అంతటితో ఆగితే అధికారి ఎందుకవుతాడు! దొర వైపు వంగి నవ్వుతూ, "గిసుంటి బుద్ధిమంతురాలు మా ఇంట్ల గూడ ఒకతె ఉంటె మంచిగుంటది," అన్నాడు.

"దానికేం భాగ్యం సాబ్, చూద్దాం," అన్నాడు దొర. మా ఆయన కూడా నవ్వాడు. థూ! ఆ ముగ్గురి మధ్యా నిలబడ్డ పసిపిల్ల ఎవరి వైపు చూడాలో తెలియక నా వైపు చూసింది.

భోజనాలకు లేవమన్నారు. నడిమింటి వరండాలో విస్తళ్లు వేశారు. ఒక పక్క అధికారి, దొర. ఎదురుగా పెళ్లికూతురు. నేను ఇంకో విస్తరి తెచ్చి పెళ్లికూతురి పక్కన వేశాను. కనకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పీట మీద కూర్చోబెట్టి, గేటు దాకా వినపడేట్టు అన్నాను.

"తిను బిడ్డా. అక్క పక్కనే తిను."

అన్నం ఇంకా విస్తట్లో పడనే లేదు. దొరసాని కాలితో విస్తరిని తన్నింది.

"ఛీ! లెవ్వే! కుమ్మరి ముండవు, నా బిడ్డ పక్కన కూసుంటవా? తీస్కపోయి గొడ్ల కాడ వడేయుండ్రి దీన్ని!"

"సాదుకున్న బిడ్డ అన్నరు గద దొరసానీ," అన్నాను. "బిడ్డకు గొడ్ల దగ్గర పెడతరా?"

గేటు దగ్గర ఐలయ్య అరిచాడు. "ఇన్నరా సాబ్? బిడ్డట! ఇప్పుడు రాయుండ్రి అర్జీ ఖతమని!"

అధికారి చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. గేటు బయట వడిసెలలు పట్టుకున్న చేతులు చూశాడు. పిల్ల మీద జాలితో కాదు, తన తలకాయ మీద తీపితో అన్నాడు, "పిల్లను అవ్వకు అప్పజెప్పుండ్రి." కొమురమ్మ మనవరాలిని చంకనెత్తుకుని, కొత్త లంగా అక్కడే విప్పి పారేసి, తన కొంగు చుట్టి పట్టుకుపోయింది.

ఇంటికొచ్చాక మా ఆయన నన్ను గడప దాటనివ్వలేదు.

"గడీ బియ్యం పోయినయ్. నా పరువు పోయింది. ఆ పిల్లను ముట్టుకున్నవ్, ముందు స్నానం చేసి రా."

"నేనెందుకు? శ్లోకాలతో పిల్లను అమ్మజూసింది మీరు. మీరు చేయండి," అన్నాను. ఆయనను తోసుకుని లోపలికి పోయాను.

మర్నాడు పొద్దున వాకిట్లో అలికిడైంది. కనకి. రోజూ కూర్చునే చోటే మట్టిలో కూర్చుని చేతులు కట్టుకుంది.

"అమ్మా, ఇయ్యాల శ్లోకం లేదా?"

"ఉంది తల్లీ. ఇవాళ్టి నుంచి నేను చెప్తాను. రా, అరుగు మీదికి రా."

పిల్ల మెట్టు దాకా వచ్చింది. కాలు ఎత్తబోయి, చటుక్కున వెనక్కి తీసుకుని, ఆ కాలిని రెండో కాలి వెనక దాచుకుంది. ఎంత బతిమాలినా ఎక్కలేదు. మా ఆయన చెప్పిన చదువంతటిలో దానికి నిజంగా వంటబట్టింది ఆ ఒక్కటే. నేను అరుగు దిగి వెళ్లి దాని పక్కన మట్టిలో కూర్చున్నాను.