సుమలత నవ్వు

మా వాకిట్లో పొద్దంతా ఆడవాళ్ళు కూర్చుని బీడీలు చుడతారు. గోడ పక్కన నా భార్య లింగవ్వ. ఆమె మోకాలికి మోకాలు తగిలేటట్టు పక్కింటి సుమలత. సుమలత కోడలుగా బోధన్ వచ్చిన కొత్తలో ఆమెకు బీడీ చుట్టడం రాదు. ఆకు కత్తిరించడం దగ్గర్నుంచి లింగవ్వే నేర్పింది. అప్పటినుంచి ఆకు, తంబాకు పోసుకునే తన చాట పట్టుకుని మా వాకిట్లోకే వస్తుంది. వాళ్ళింట్లో చోటు లేక కాదు. పక్కన రెండో మనిషి లేకపోతే ఇద్దరికీ చెయ్యి నడవదు.

నేను గడప మీద కూర్చుంటాను. చక్కెర మిల్లు మూతపడ్డాక నా చోటు అదే.

ఎండాకాలంలో ఒక పొద్దున మా మనవడు రంజిత్ ఫోను తెచ్చి ఆ ఆడవాళ్ళ మధ్య పీట మీద పెట్టాడు. వాడు ర్యాప్ పాడతాడు. రాగం తీసే పాట కాదది. దెబ్బ మీద దెబ్బ పడినట్టు మాటలు అంటూ పోవడం. చక్కెర మిల్లు ఊరని షక్కర్ అని తనకు తానే పేరు పెట్టుకున్నాడు.

"అవ్వా, మీ పని మీరు చేసుకోండ్రి. నేను కత్తెర్ల సప్పుడు పట్టుకుంట."

"కత్తెర సప్పుడు ఏం జేస్తవ్‌రా?" అంది లింగవ్వ.

"బీట్ చేస్త. డప్పు బదులు మీ కత్తెరలు."

"దానికెవడు ఎగురుతడురా?" అంది సుమలత.

"కార్ఖాన సేటు ఎగురుతడు," అంది లింగవ్వ. "ఆకంత ఖరాబ్ చేసినమని."

సుమలత నవ్వింది. ఆమె నవ్వు ముందు ముక్కులోనే తిరుగుతుంది. తర్వాత ఒక్కసారిగా పగులుతుంది. చివర్లో సన్నని ఈల. అది విని మిగతావాళ్ళు నవ్వారు. ఫోను అదంతా పట్టుకుంది.

నేను రంజిత్‌ను పిలిచాను.

"దీని మీద ఏం పాడుతవ్?"

"మన బీడీ చేతుల మీద పాడుత తాతా. ఎవ్వలు పాడలే ఇప్పటిదాంక."

"చాట మీద చెయ్యేసి చెప్పు."

మా ఇళ్ళలో చాట మీద అబద్ధపు ఒట్టు పెట్టరు. అన్నం పెట్టేది అదే. ఒట్టు తప్పితే ఆ చాటలో మళ్ళీ ఎవరూ బీడీ చుట్టరు. రంజిత్ నవ్వాడు. నేను నవ్వలేదు. అప్పుడు లింగవ్వ ఒడిలోని చాటలో, తడి ఆకు మీద అరచెయ్యి పెట్టాడు.

"మిమ్మల్ని తల దించుకునేటట్టు చెయ్య. ఒట్టు."

సుమలత కొడుకు అనిల్‌కుమార్ కూడా ర్యాప్ పాడతాడు. ఇద్దరూ కలిసే మొదలుపెట్టారు. మిల్లు వెనక పాత పట్టాల దగ్గర పిల్లలంతా గుండ్రంగా నిలబడేవారు. ఒకడు నోటితో డప్పు కొడితే ఒకరి తర్వాత ఒకరు మాట అందుకునేవారు. సైఫర్ అంటారట దాన్ని. అక్కడినుంచి అనిల్ మా ఇంటికే వచ్చి, లింగవ్వ పెట్టింది తిని పోయేవాడు.

నిజామాబాద్‌లో బ్యాటిల్ అని పోటీ పెట్టారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు మాటలతో కొట్టాలి. జనం ఎవరికి ఎక్కువ అరిస్తే వాళ్ళు గెలిచినట్టు. ఆఖరి జత రంజిత్, అనిల్ అని ముందే తెలిసింది. ముగ్గురం ఒకటే బస్సులో పోయాం. అనిల్ నాకు కిటికీ సీటు ఇచ్చాడు.

"నీ మనవడు నన్ను బాగ తిడ్తడు తాతా. నువ్వు పరేషాన్ గాకు. గది ఆట. మళ్ళ చాయ్ కాడ ఒక్కటే."

"నువ్వు తిట్టవా?"

"తిడ్త. గంతకంటె ఎక్కువ తిడ్త," అన్నాడు. ఇద్దరూ భుజాలు రాసుకుంటూ నవ్వారు.

ఫంక్షన్ హాలు కిటకిటలాడింది. ముందు అనిల్ అందుకున్నాడు. రంజిత్ జుట్టును తిట్టాడు, ఎవరి దగ్గరో అడిగి తొడుక్కొచ్చిన బూట్లను తిట్టాడు, షక్కర్ అని పేరు పెట్టుకుని చాయ్‌లో కరగనివాడు అన్నాడు. హాలంతా నవ్వింది. రంజిత్ కూడా నవ్వాడు.

తర్వాత రంజిత్ వంతు. బీట్ మొదలైంది.

కత్తెరలు. లింగవ్వ కత్తెర చప్పుడు ఒకటే, తెగినట్టు ఉంటుంది. సుమలత కత్తెరకు మేకు వదులు. కరుక్‌మన్నాక వెనక చిన్నగా ఇంకో టిక్కు వస్తుంది. రోజూ వినే చప్పుడు. స్టేజి పక్కన పెద్ద స్పీకర్ బాక్సుల్లోంచి వస్తుంటే నా కాళ్ళ కింద నేల అదిరింది. పక్కన కూర్చున్నాయనతో, "గిది మా వాకిలి," అన్నాను. అడక్కుండా కొత్త మనిషితో మాట్లాడటం నాకు అలవాటు లేదు.

రంజిత్ మైకు నోటికి ఆనించాడు.

"బీడీ చుట్టిన చేతి బువ్వ తిన్నోడివి
స్టేజి ఎక్కి సింహమని అన్నోడివి
నీ అమ్మ ఒళ్ళో చాట, నీ నోట్లో ఒకటే మాట
తంబాకు కంపు కొడ్తది నువ్వు పాడితే పాట."

ఆ మాట ఆగిన చోట బాక్సుల్లోంచి నవ్వు వచ్చింది. ముక్కులో తిరిగి, పగిలి, చివర్లో ఈల. సుమలత నవ్వు. హాలు లేచి అరిచింది. వాడు అవే మాటలు మళ్ళీ అన్నాడు. అదే నవ్వు మళ్ళీ వచ్చింది.

అనిల్ రంజిత్‌ను చూడలేదు. బాక్సును చూస్తున్నాడు. కింద పిల్లలు "అను, అను" అని గోల చేస్తున్నారు. మీ అవ్వ చుట్టదా బీడీలు, అని ఒక్క మాట అంటే చాలు. నేను కూడా ఆ మాట కోసం చూశాను. వాడు వరసలో కూర్చున్న నన్ను చూశాడు. తర్వాత మైకు స్టేజి మీద పెట్టి దిగిపోయాడు.

తిరుగు బస్సులో అనిల్ లేడు. రంజిత్ ఒడిలో గెలిచిన కప్పు ఉంది.

"గెలిచిన కద తాతా. ఒక్క మాట అనవు."

"చాట మీద చెయ్యేసినవ్."

"మిమ్మల్ని అనలేగా. వాన్ని అన్న. బ్యాటిల్‌ల అమ్మ మీదికి పోవుడు మామూలే. వానికి గుడ తెల్సు."

"నవ్వు ఎవరిది?"

వాడు ఒడిలో కప్పును అటూ ఇటూ తిప్పాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"సౌండ్ మంచిగ కుదిరింది తాతా. తీసెయ్యబుద్ధి కాలే."

అంటే తెలిసే పెట్టాడు.

మరుసటి రోజుకే ఆ వీడియో అందరి ఫోన్లలోకీ పోయింది. సుమలత మా వాకిట్లోకి వచ్చింది. చేతిలో చాట లేదు.

"హన్మాండ్లు కాకా, నువ్వు ఆడనే ఉన్నవంట గదా."

"ఉన్న."

"నేను నవ్వింది కార్ఖాన సేటు మీద. నా కొడుకు మీద గాదు. గది నీకెర్కే."

"ఎర్కే."

"మరి లేసి చెప్పకపోతివి."

నేను గడప మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. లింగవ్వ జరిగి చోటు ఇచ్చింది.

"కూసో సుమలా."

"వాడు నా చేతి బువ్వ తింటలేడు చిన్నమ్మా. నీ మీద కోపం లేదే అంటడు. నా మొకం సూస్తే ఆ నవ్వు ఇనబడ్తదంట." ఆమె వాకిట్లో అందరినీ చూసింది. "ఇగ నేనెట్ల నవ్వాలె?"

ఆ చోటు అట్లాగే వదిలి వెళ్ళిపోయింది. లింగవ్వ ఒడిలోని ఆకు, తంబాకు మూటగట్టి, చాటను గోడకు బోర్లించింది. మిగతా ఆడవాళ్ళు ఎవరి సామాను వాళ్ళు సర్దుకుని లేచారు.

కొన్ని రోజులకు రంజిత్ సంతోషంగా వచ్చాడు. హైదరాబాద్ నుంచి ఎవరో వీడియో తీయడానికి వస్తున్నారట.

"వాకిలి ఎట్లున్నదో గట్లనే కావాలంటున్నరు అవ్వా. మీరంత కూసోండ్రి. సుమలత అత్తకు నేను సారీ చెప్త."

"కెమెరా ముందటనా?" అంది లింగవ్వ.

కెమెరావాళ్ళు వచ్చే పొద్దున లింగవ్వ ఆకు మూట చంకలో పెట్టుకుని సుమలత ఇంటికి పోయింది. రానిచ్చిందో లేదో నాకు కనబడలేదు. కొంతసేపటికి గోడ అవతల రెండు కత్తెరలు వినబడ్డాయి.

కెమెరావాళ్ళు దిగారు. ఖాళీ వాకిలి చూసి రంజిత్ మొహం చూశారు.

"తాతా, అవ్వ ఏది?"

నేను గోడ వైపు చూశాను. రంజిత్ కూడా విన్నాడు. అయినా బోర్లించిన చాట తీసి, తిప్పి, తనే ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. మూలన మిగిలిన ఎండాకులు ఏరి కత్తెర వేశాడు. ఆకు పొడి పొడి అయింది. కెమెరా పట్టుకున్నాయన బాగుంది, బాగుంది అన్నాడు. ఎవరో బాక్సులో పాట పెట్టారు.

వాకిలంతా నవ్వు.

గోడ అవతల మేకు వదులైన కత్తెర ఆగింది. ఆ వెంటే రెండోది ఆగింది.

"బంద్ జెయ్," అన్నాను.

"ఒక్క నిమిషం తాతా, షాట్ నడుస్తున్నది."

నేను లేచి వాడి ఒడిలోంచి చాట తీసుకున్నాను. ఆకు పొడి వాడి కాళ్ళ మీద రాలింది.

"దీంట్ల ఇగ ఎవ్వరు సుట్టరు," అని సుమలత ఇంటికి నడిచాను.

లోపల లింగవ్వ నన్ను చూసి జరిగింది. సుమలత జరగలేదు. కత్తెర ఒడిలో పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంది. మా వాకిట్లో పాట మళ్ళీ మొదటికి వచ్చింది.

"కాకా," అంది, నా వైపు చూడకుండానే. "తలుపు పెట్టి రా."

తలుపు పెట్టాను. అయినా వినబడుతూనే ఉంది.