రెండో డబ్బా

ఆ రెండో డబ్బా ఇచ్చి ఉంటే భార్య ప్రభావతి కిడ్నీలు ఇంకొన్నేళ్లు పనిచేసేవా? ఈ అనుమానం జనార్దన్‌ను ఏళ్లుగా వదల్లేదు. పొద్దున దీపం పెట్టేటప్పుడు దేవుణ్ణే అడిగేవాడు.

అప్పట్లో నాంపల్లిలో వాళ్లు చూపించుకునే దవాఖానలో షుగరున్నవాళ్ల మీద ఒక పరిశోధన మొదలైంది. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే జల్లెడ ఎప్పుడు పాడవడం మొదలవుతుంది, మనిషికి ఏ బాధా తెలియకముందే దాన్ని పట్టుకోవచ్చా అన్నది వాళ్ల ప్రశ్న. ప్రభావతి పేరిచ్చింది. ఒక రోజంతా మూత్రం డబ్బాలో పట్టి ఇవ్వాలి, కొన్ని వారాలు ఆగి ఇంకో డబ్బా ఇవ్వాలి. మొదటి దాంట్లో ప్రోటీన్ పోవడం లేదని వచ్చింది. రెండోదానికి చెప్పిన రోజు శ్రావణ శుక్రవారం పడింది.

“రెండర్రల ఇల్లు. ఒక దిక్కు కలశం, ఇంకో దిక్కు గా డబ్బానా?” అన్నాడు జనార్దన్. “రిపోర్టు మంచిగనే వచ్చింది గదా. మళ్లెందుకు?”

“డాక్టరమ్మకు మాటిచ్చిన.”

“పండుగలైనంక ఇద్దాం తియ్.”

పండుగలు ఎక్కడవుతాయి? దసరా వచ్చింది, కార్తీకం వచ్చింది. మడి అడ్డురాని నెల ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. దవాఖాన నుంచి కొన్నిసార్లు ఫోన్లొచ్చాయి, తర్వాత అవీ ఆగిపోయాయి.

ఆయన్ని ఎక్కువగా పొడిచే సంగతి ఇంకోటుంది. ఆయన పనిచేసింది ఆబిడ్స్‌లో, పింగాణీ బలాన్ని పరీక్షించే ఒక చిన్న ల్యాబులో. కరెంటు స్తంభాలకు ఇన్సులేటర్లు చేసేవాళ్లు తమ మట్టితో కాల్చిన కడ్డీలు పంపేవాళ్లు. ఒక్కొక్కదాన్ని మిషన్‌లో పెట్టి, విరిగేదాకా బరువు ఎక్కించడం ఆయన పని. ఇనుమైతే ముందు వంగుతుంది. పింగాణీ ఏమీ చెప్పదు, పుటుక్కున విరుగుతుంది. లోపల కంటికందని సన్న పగులు ఎంతుందో దాన్నిబట్టే దాని బలం. అందుకే ఒకే మట్టి, ఒకే బట్టీ అయినా ఒక్కో కడ్డీ ఒక్కో బరువు దగ్గర పోతుంది. ఏ ఫ్యాక్టరీ మనిషైనా ఒకటే కడ్డీ పట్టుకొచ్చి, “జర జల్ది రిపోర్టు రాసియ్యుండ్రి సాబ్” అంటే, “ఒక్క ముక్క మీద నేను సంతకం పెట్టను. ఇంకిన్ని పట్టుకరా పో” అని తిప్పి పంపేవాడు.

అలాంటి మనిషి, భార్య ఒంటి సంగతికొచ్చేసరికి ఒక్క కాగితం చూసి నిమ్మళంగా నిద్రపోయాడు.

ప్రభావతి కాళ్లకు నీరు దిగి, మళ్లీ పరీక్షలు చేయించేనాటికి జల్లెడ చాలావరకు పోయింది. ఇప్పుడు రోజు విడిచి రోజు డయాలిసిస్.

పోయిన నెల శ్రీవిద్య ఫోన్ చేసింది. అప్పుడు కొత్తగా చేరిన డాక్టరు, ఇప్పుడు ఆ పరిశోధన నడిపేది ఆమే. పాతవాళ్లందరినీ ఒకసారి చూడాలంటోంది. “ఆమెకు పాణం బాగలేదమ్మా, వచ్చేటట్టు లేదు” అని జనార్దన్ పెట్టేయబోతుంటే ప్రభావతి ఫోను గుంజుకుంది.

“వస్తనమ్మా. ఈయన మాటలు పట్టించుకోకు. ఈయనకు ఇయ్యాల కూడా ఏదో పండుగనే ఉంటది.”

దవాఖానలో శ్రీవిద్య ప్రభావతి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. రక్తం తీశాక, జనార్దన్ అడిగాడు.

“డాక్టరమ్మా, ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి. గప్పుడు రెండోసారి ఇచ్చి ఉంటే దొరికేదా?”

“దొరికేదేమో. దొరికితే మందులతో కొంత నెమ్మది చేసేవాళ్లం,” అందామె. “కానీ తప్పకుండా అని ఎట్లా చెప్పను సార్? ప్రోటీన్ ఒకరోజు పోతుంది, ఒకరోజు పోదు. నా దగ్గరున్నది ఒక్క నమూనా. ఒక్కదాన్ని పట్టుకుని ఏమీ అనలేం.”

జనార్దన్ తలొంచుకున్నాడు. నీ తప్పేనని ఆమె అంటే ఆ భారం మోసేవాడు, కాదంటే దించుకునేవాడు. ఇప్పుడా రెండూ లేవు. దేవుడు శుభ్రంగా ఉండమన్నాడా, ఇల్లాలిని చూసుకోమన్నాడా? రెండూ అన్నాడనే ఇన్నాళ్లూ అనుకున్నాడు. రెంటికీ పోటీ పెట్టింది తనేనేమో.

“ఆయన్నట్లనే కూసోనియ్యి గని, డబ్బా ఇయ్యి బిడ్డా,” అంది ప్రభావతి.

“వద్దమ్మా. రక్తం చాలు. మీకిప్పుడు మూత్రం పెద్దగా రాదు కదా.”

“వచ్చినంత పడ్త. నీకు బాకీ ఉన్న.”

శ్రీవిద్య లోపలికి వెళ్లి డబ్బా తెచ్చింది. “వచ్చినంతైనా పనికొస్తుందమ్మా. కిడ్నీల పని ఇంకా ఎంత మిగిలిందో తెలుస్తుంది.”

డయాలిసిస్ లేని రోజు చూసుకుని పట్టారు. పొద్దున్నుంచి మర్నాటి పొద్దుటిదాకా ప్రతిసారీ జనార్దనే డబ్బా అందించి, మూత పెట్టి, చేతులు కడుక్కున్నాడు. స్నానం చేయాలా అని అడగబోయి ఊరుకున్నాడు. అంతా కలిపినా డబ్బా అడుగు సరిగా మునగలేదు.

ఆటోలో ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. స్టేషన్ దగ్గర కుదుపులకు డ్రైవరు అద్దంలోంచి చూసి, “ఏంది సాబ్, నెయ్యా?” అన్నాడు.

“గంతకంటే ఎక్కువనే,” అంది ప్రభావతి.

శ్రీవిద్య డబ్బా తీసుకుని, పేరు రాసిన చీటీ అంటించి, ఫ్రిజ్‌లో పెట్టింది. ఫ్రిజ్ తలుపు మూసుకునేదాకా ప్రభావతి చూసి, భర్త భుజం పట్టుకుని లేచింది.

“తీరింది. ఇగ పోదాం పాండ్రి.”